పాత కంప్యూటర్‌కు కనబడని జాగా

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. సారపాక చుట్టుపక్కల చెప్పుకునే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే కాబట్టి వాటి సంగతి నాకు బాగా తెలుసు. ఇది మాత్రం నేను పుట్టించింది కాదు. నా షాపులోనే, పట్టపగలు జరిగింది.

నాది పెళ్లి వీడియోల షాపు. పాత వీడియో క్యాసెట్లలోని బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే కార్డు నా పాత కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. అందుకే దాన్ని ఇంకా వదల్లేదు.

పోయిన ఎండాకాలం దుమ్ముగూడెం అవతలి అడవి ఊరి నుంచి సమ్మక్క అనే ఆమె చంటిపిల్లను ఎత్తుకొని, ఒక పాత క్యాసెట్ పట్టుకొని వచ్చింది. చాలా ఏళ్ల కింద వాళ్ల అక్క పెళ్లి వీడియో తీసింది నేనే. ఈ పిల్ల కడుపులో ఉండగా సమ్మక్క వాళ్ల అమ్మ చనిపోయిందట. రేషన్ కార్డు మీది ఫోటోలో ఆమె ముఖం మాసిపోయింది. ఆ పెళ్లి క్యాసెట్‌లో అమ్మ ముఖం ఒక్కసారి దొరికినా పెద్ద ఫోటో కట్టించుకుంటానని, పిల్లకు అమ్మమ్మను చూపించాలని ఆమె ఆశ.

కంప్యూటర్‌లో జాగా లేదు. ఖమ్మంలో పాత స్టాకులో మిగిలిన పెద్ద హార్డ్ డిస్కు ఒకటి తెచ్చి ఉంచాను. సీలు నేనే చింపాను. బిగిస్తే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టక నల్ల తెర మీదే ఆగిపోయింది.

“నీ పెట్టె ముసల్దైందన్నా. కొత్త బువ్వ అరుగుతలేదు,” అని సమ్మక్క నవ్వింది.

డిస్కు వెనక పిన్నులకు జంపర్ అనే గోరంత క్లిప్పు పెడితే అది తన సైజు తగ్గించి చెబుతుంది. నాలాగే అబద్ధమాడుతుంది, కాకపోతే తక్కువ చేసి. పాత కంప్యూటర్ నమ్మింది. ఇక డిస్కులో మొదటి ముక్క మాత్రమే దానికి కనబడుతుంది. మిగతాది లేనట్టే.

క్యాసెట్ నడిపాను. వాళ్ల అమ్మ ప్రతిచోటా కెమెరాకు వీపు పెట్టింది, లేదంటే కొంగు అడ్డం పెట్టుకుంది. ముఖం దొరకలేదు. టేపు అయిపోతే బయటికి తీసి చేతిలో పట్టుకున్నాను.

తెర మీద బొమ్మ ఆగలేదు.

అదే పందిరి. జనం లేరు. వాళ్ల అమ్మ ఒక్కతే కింద కూర్చుని మా వైపు తిరిగి ఉంది. కొంగు అడ్డం లేదు. నేను క్యాసెట్ ప్లేయర్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే కేబుల్ పీకేశాను. అయినా బొమ్మ పోలేదు. జాగా అయిపోయిందని కంప్యూటర్ చూపిస్తున్నా డిస్కు కటకటమంటూ రాసుకుంటూనే ఉంది.

సమ్మక్క ఒళ్లో పిల్ల ఏడుపు అందుకుంది. తెర మీది ఆమె తల కొద్దిగా వంచి, ఆ పిల్లనే చూస్తూ, కోయ భాషలో ఏదో అంది. నాకు ఆ భాష రాదు. ఏమన్నదని సమ్మక్కను అడిగాను.

“పిల్లకు ఆకలైతాందట. పాలియ్యమంటాంది.”

ఆమె గోడవైపు తిరిగి పాలిచ్చింది. పిల్ల ఏడుపు ఆగింది. తెర నల్లబడింది.

వెతికితే ఫైలు టేపు అయిపోయిన చోటే ఆగి ఉంది. మళ్లీ ప్రయత్నిద్దామన్నాను.

“ఫోటో వద్దన్నా. ఆమెనే చూసింది గద మమ్మల్ని,” అని పిల్లను కొంగులో చుట్టుకొని వెళ్లిపోయింది.

మరునాడు జంపర్ తీసి ఆ డిస్కును కొత్త కంప్యూటర్‌కు తగిలించాను. మొదటి ముక్కలో పెళ్లి ఉంది. పాత కంప్యూటర్‌కు కనబడని జాగా అంతా కూడా నిండిపోయి ఉంది. కొత్త డిస్కు అది. ఎలా నిండిందో ఇప్పటికీ చెప్పలేను. తెరిచి చూడమంటే మాత్రం నా వల్ల కాదు.