రజియా అక్క దోస్తానా

నిన్న జడ్చర్ల బస్టాండు దగ్గర ఒకావిడ గంపలో చింతచిగురు అమ్ముతోంది. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాను. ఆ పుల్లటి వాసనకు రజియా అక్క గుర్తొచ్చి, బేరమాడటం కూడా మరిచిపోయి నిలబడిపోయాను.

పదేళ్ల కిందట మందుల కంపెనీలో ఉద్యోగం దొరికి కొల్లాపూర్ నుంచి ఒంటరిగా ఈ ఊరొచ్చాను. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. ఆ వయసులో పరిచయాలే తప్ప స్నేహాలు పుట్టవనుకునేదాన్ని. పక్క పోర్షన్‌లో ఉండే రజియా అక్క నాకంటే పదిహేనేళ్లు పెద్దది. గాజుల దుకాణం నడిపేది. నేను కిరాయికి దిగిన రెండో రోజే చేటలో చింతచిగురు పట్టుకొచ్చింది.

"జర పుల్లలు ఏరిపెడ్తవా చెల్లే? నాకు కండ్లు సరిగ కనవడ్తలేవు."

ఇద్దరం గడప దగ్గర కూర్చుని ఏరాం. వారం తర్వాత దుకాణానికి వెళ్తే, సన్నటి నల్లపూసలు చకచకా దారానికి గుచ్చుతోంది.

"కండ్లు మంచిగనే ఉన్నయి గదక్కా!"

"మరి నీ ఇంట్లకు ఎట్ల రావాలె?" అని పకపకా నవ్వింది.

రెండేళ్లకు నా గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. ఊరికి పోతున్నానని అక్కకు అబద్ధం చెప్పి, మహబూబ్‌నగర్‌లో దవాఖానలో చేరాను. ఆపరేషన్‌కు ముందు, సంతకం పెట్టడానికి మీవాళ్లెవరని నర్సు అడిగింది. ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను. పిలవగలిగిన పేరు ఒక్కటే కనిపించింది. గంటలో అక్క వచ్చింది. కాగితంలో సంబంధం అన్నచోట 'అక్క' అని రాసి సంతకం చేసింది. ఆ తర్వాత నా మీద విరుచుకుపడింది.

"నన్ను గింత పరాయిదాన్ని చేస్తవా?"

"నీకు ఇబ్బందని చెప్పలేదక్కా..."

"ఇబ్బంది పెట్టకుంటే దోస్తానా ఎట్లయితదే?"

అంటూనే కళ్లు తుడుచుకుంది. తెలివి వచ్చేసరికి నా చెయ్యి ఆమె చేతిలో ఉంది.

తర్వాత కొన్నేళ్లకు ఆమె దుకాణం మూసి, షాద్‌నగర్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. గంట బస్సు ప్రయాణం, అంతే. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం అంటూ గడిపేశాను. ఫోన్‌లో "ఎట్లున్నవక్కా?" అంటే "మంచిగున్న" అనేది. గొంతు సన్నబడింది. విన్నాను, అడగలేదు. ఒకరోజు అక్క పోయిందని కొడుకు ఫోన్ చేశాడు. అప్పటికే మట్టి కూడా చేసేశారు.

జబ్బు సంగతి చెప్పలేదని నాకు కొన్నాళ్లు ఆమె మీద కోపంగా ఉండేది. ఇప్పుడు లేదు. ఎవరైనా మంచిగున్నానంటే మాత్రం అక్కడితో ఆగలేను, ఎదురుగా కూర్చుని ఇంకోసారి అడుగుతాను. ఆమెను మాత్రం ఆ రెండోసారి అడగలేకపోయాను.