అరచేతి చాటు

బడి ఆఫీసులో సర్టిఫికెట్లు రాసే ఆవిడను పిల్లలు ఇంకు ఆంటీ అంటారు. చూపుడువేలి మీద నీలిమరక ఏ సబ్బుకూ వదలదు. పెద్ద కాలేజీలకు దరఖాస్తులు పెట్టే రోజుల్లో ఆవిడ కిటికీ ముందు పిల్లలు బారులు తీరతారు. క్లాసులో ఎన్నో ర్యాంకో రాయగానే ఎడమచేతిని ఆ అంకె పక్కన గోడలా నిలబెడుతుంది, వెనకవాళ్ల కంట పడకుండా. సిరా ఆరాకే కాగితం మడిచి ఇస్తుంది. "ఫస్టు ర్యాంకుకీ ఎందుకాంటీ చెయ్యి?" అని ఒకడు అడిగితే, "నీకు తీసేస్తే మిగతావాళ్ల సంగతి తెలిసిపోదుట్రా!" అంది.

నిన్న ఆ వరసలో ఆవిడ కూతురూ నిలబడింది. ముందుకు రమ్మని తల్లి పిలవలేదు. వంతు వచ్చాక రిజిస్టరు చూసి పంతొమ్మిది అని రాసింది. పదో ర్యాంకు దాటితే పిల్ల కోరుకున్న కాలేజీ మొహం కూడా చూడదని ఇద్దరికీ తెలుసు. అయినా దరఖాస్తు పెడతానని పట్టుబట్టింది. ఎప్పుడూ గోడలా నిలిచే చెయ్యి ఈసారి తడి అంకె మీదే పడింది. సిరా అలుక్కుపోయింది.

"మళ్లీ రాయాలా అమ్మా?"

"రాయాలి తల్లీ. మరకుంటే తీసుకోరు."

రెండోసారి పంతొమ్మిది రాయడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి అడ్డం పెట్టబోతే కూతురు మెల్లగా పక్కకు జరిపి, అందరూ చూస్తుండగానే వంగి, ఆ అంకె ఆరేదాకా ఊదింది.