రెండు గంటల మాత్ర

2023 ఆగస్టు తొమ్మిది, బుధవారం, ఉదయం పదింబావు. ఫిషింగ్ హార్బర్ దగ్గర నూకాలు ఇంటి గుమ్మంలో నేను చెప్పులు విడిచాను. మొగుడు పోయిన ఇల్లు. పరామర్శకని వెళ్లాను. లోపల అడుగు పెట్టాక తెలిసింది, ఏడవడానికి ఇంకా వేళ కాలేదని.

ముందు నా పనేమిటో చెప్పాలి. వన్ టౌన్‌లో కీళ్ల జబ్బులు చూసే డాక్టరమ్మ ఉన్నారు, శారద గారు. ఆవిడ క్లినిక్ తెరిచిన నాటి నుంచీ నేను అక్కడ ఆయాని. తుడవడం, టోకెన్లు పిలవడం, నడవలేనివాళ్లని చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్లడం నా పని. నాకు నలభై దాటాక అక్షరాలొచ్చాయి. మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక మా సిస్టర్ నిర్మల పలక మీద దిద్దించింది. కాబట్టి నా రాతలో పెద్ద మాటలు వెతక్కండి. చదవడం వచ్చాక నాకు ఇంకో పని అప్పజెప్పారు. డాక్టరమ్మ రాసిన మందులు రోగి చేతిలో పెట్టి, ఏది ఎప్పుడు మింగాలో వాళ్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పడం. డాక్టరమ్మ చెప్పింది విని తలూపి, బయటికొచ్చి నన్ను అడిగేవాళ్లే ఎక్కువ.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిది రుమటాయిడ్. అంటే ఒంట్లో రోగాల మీదికి వెళ్లాల్సిన బలం దారి తప్పి సొంత కీళ్ల మీదే పడుతుంది. కీళ్లు వాస్తాయి, మండుతాయి. తెల్లవారుజామున మరీ బిగుసుకుంటాయి. దాన్ని మార్నింగ్ స్టిఫ్‌నెస్ అంటారు. మంచం దిగడానికి గోడ కావాలి, గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. పొద్దెక్కేకొద్దీ సడలుతుంది. అసలు మందు వేరే ఉంటుంది, అది నెమ్మదిగా పనిచేస్తుంది. ఆ లోపల మనిషిని నిలబెట్టడానికి చిన్న మోతాదులో స్టెరాయిడ్ మాత్ర ఇస్తారు. దాన్ని మామూలుగా ఉదయం టిఫిన్ తిన్నాక వెయ్యమంటారు.

నూకాలుకి ఉదయం టిఫిన్ వేళకి సగం జీవితం అయిపోయేది. హార్బర్లో వేలం పాటలో చేపలు కొని అమ్ముకునే మనిషి. చీకటితోనే జెట్టీ మీద ఉండాలి. గంపలోకి చెయ్యి పెట్టి చేపని పట్టి చూడాలి, పాడాలి, దక్కినదాన్ని తక్షణం లాగేసుకోవాలి. అక్కడ ఎవరు నిలబడే చోటు వాళ్లది. రెండు వారాలు రాకపోతే ఆ చోట ఇంకొకరు నిలబడతారు, ఇక అడగడానికి లేదు.

మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ అడిగారు, "ఏమ్మా, ఏమిటి బాధ?"

"ఏటి సెప్పమంటావు డాక్టరమ్మా! నాను మూడింటికి లెగుత్తన్నాను, నా సేతులు తొమ్మిదింటికి లెగుత్తన్నాయి. జమీందార్లు!"

గదిలో అందరం నవ్వాం. ఆమె మొగుడు పోలయ్య నవ్వలేదు. తలుపు దగ్గర నిలబడ్డాడు, సన్నగా, చొక్కా మీద ఐసు తడితో. బోట్లకి ఐసు ఎక్కించే పని అతనిది.

"నవ్వుతాదండి," అన్నాడు. "ఇంటికాడ ఏడుత్తాది. జుట్టు ముడేసుకోలేక నన్ను ఎయ్యమంటాది. నాకు రాదు."

"నువ్వేత్తే గంపకి తాడు కట్టినట్టుంటాది," అంది నూకాలు.

మందులు మొదలుపెట్టారు. నెల తర్వాత వచ్చి అదే మాట చెప్పింది. మాత్ర పని చేస్తోంది గానీ, ఎనిమిదింటికి వేస్తే చేతులు తెరుచుకునేసరికి వేలం అయిపోతోంది. మాత్ర పెంచమంది. డాక్టరమ్మ పెంచలేదు. పోలయ్య వంక చూశారు.

"నువ్వు ఎన్నింటికి లేస్తావయ్యా?"

"రెండింటికండి."

"ఇదిగో, కీళ్ల వాపు పుట్టించే పదార్థాలు ఒంట్లో పెరిగేది ఆ వేళకే. బిగుసుకున్నాక సడలగొట్టడం కంటే బిగుసుకోక ముందే మందు లోపల ఉండటం మేలు. అందరికీ ఇలా చెప్పను. నిద్ర చెడగొట్టుకుని రెండింటికి లేవమని ఎవర్నీ అనలేను. మీ ఇంట్లో ఎలాగూ లేస్తారు కాబట్టి చెబుతున్నాను. నువ్వు లేవగానే ఆమెకి ఏదో ఒకటి తినిపించి మాత్ర వేయించు. ఆమె మళ్లీ పడుకోవచ్చు. ఎక్కువ మాత్ర కాదు, అదే మాత్ర."

బయటికొచ్చాక నేను ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి మళ్లీ చెప్పాను. ఖాళీ కడుపుతో వెయ్యకూడదు, కడుపులో పుండు పడుతుంది. ఒక్కసారిగా ఆపకూడదు, ప్రాణం మీదికొస్తుంది. తగ్గించాలంటే ట్యాపర్ చేయాలి, అంటే మెట్టు మెట్టుగా దిగాలి, అది డాక్టరమ్మ పని. రెండు మాటలూ చెప్పాను. నూకాలు మొదటిది పట్టుకుంది. పోలయ్య రెండోది పట్టుకున్నాడు. ఇంట్లో మందులు చూసుకునేది పోలయ్యే కదా, సరిపోయింది అనుకున్నాం.

ఆ తర్వాత నూకాలు వచ్చినప్పుడు నా భుజం మీద ఒక్కటిచ్చింది. చుర్రుమంది.

"ఏటే, కొడుతున్నావ్?"

"సేతులు లెగిసినాయని సూపెడుతన్నానప్పా! వేలంలో నాను ముందు, దెబ్బలాటలో నాను ముందు."

పోలయ్య తీరు ఆమే చెప్పేది. లేచి, రెండు రొట్టెముక్కలు పాలలో ముంచి, ఆమె తల కింద చెయ్యి పెట్టి లేపి, నోట్లో పెట్టి, మాత్ర వేసి, నీళ్లు తాగించి వెళ్లేవాడట. ఒక్కోసారి పొద్దున్న లేచాక తను మింగినట్టే గుర్తుండేది కాదట. "నిద్దట్లో పెళ్లైపోయినట్టుంటాదప్పా," అనేది. అలా నాలుగేళ్లు పైనే నడిచింది. డాక్టరమ్మ మాత్ర తగ్గిస్తూ వచ్చారు గానీ, పూర్తిగా మాన్పించబోతే కీళ్లు మళ్లీ రేగేవి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. స్టెరాయిడ్ లాంటి రసం మన ఒంట్లోనే ఊరుతుంది. అది లేకపోతే మనిషి నిలబడలేడు. ఏళ్ల తరబడి మాత్ర వేసుకుంటే, వీధిలోకి రోజూ ట్యాంకరు వస్తుంటే ఇంటి బోరు పాడుపడ్డట్టు, ఆ ఊట మందగిస్తుంది. ట్యాంకరు హఠాత్తుగా ఆగిందా, ఇంట్లో చుక్క ఉండదు. జ్వరమో, దెబ్బో, పెద్ద దుఃఖమో వచ్చినప్పుడు ఒంటికి ఆ రసం ఎక్కువ కావాలి కూడా. సరిగ్గా అప్పుడే లేకపోతే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం. ఆ పైన చెప్పేదేముంది.

నేను వెళ్లిన బుధవారానికి ముందు శుక్రవారం పోలయ్య జెట్టీ మీద ఐసు పెట్టె దించుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరలేదు. మాకు తెలీదు. బుధవారం ఉదయం క్లినిక్‌కి వచ్చిన ఒక చేపలామె మాటల్లో మాటగా చెప్పింది. డాక్టరమ్మ నన్ను వెళ్లి చూసి రమ్మన్నారు.

నూకాలుని లోపలి గది మూల కూర్చోబెట్టారు. మొగుడు పోయిన మనిషి పెద్దదినం అయ్యేదాకా ఆ మూల వదలకూడదు, గుమ్మం దాటకూడదు. చుట్టాలు వండి తెచ్చిన అన్నం పక్కన కంచంలో అట్టకట్టి ఉంది. గోడకి ఆనుకుని ఉంది గానీ కూర్చున్న మనిషిలా లేదు, గోడకి చేరవేసిన వస్తువులా ఉంది. పెదవులు ఎండిపోయాయి. పక్కన వాంతి చేసుకున్న గిన్నె. నుదురు ముట్టుకుంటే చల్లటి చెమట.

"తల్లడిల్లిపోతందప్పా," అంది కూతురు లక్ష్మి. పెందుర్తిలో ఉంటుంది, తండ్రి కబురు విని వచ్చింది. "మూడ్రోజుల్నించి వాంతులు. నీళ్లు కూడా ఇమడ్డం లేదు. ఎవులొచ్చినా దుఃఖమే అంటన్నారు."

"మాత్ర వేస్తున్నారా?"

లక్ష్మి తల్లి వైపు చూసింది. "నాను ఇత్తే తోసేసినాది. తినకుండా మందేస్తే కడుపు కాల్తాదని పైడప్ప సెప్పినాది, నాను తిన్లేదు కదా అంది."

పైడప్ప అంటే నేనే, పైడమ్మని; మా వైపు అక్కని అప్ప అంటారు. అది నేను చెప్పిన మాటే. తప్పు మాట కాదు. కానీ తిండే దిగని ఇంట్లో ఆ మాట ఏం చేస్తుందో అప్పుడు కళ్లారా చూశాను.

అక్కడి నుంచే డాక్టరమ్మకి ఫోన్ చేశాను. సగం చెప్పేసరికే ఆవిడ అందుకున్నారు. "మాత్రతో పని కాదు పైడమ్మా, ఇంజెక్షన్ పడాలి. వెంటనే పెద్దాసుపత్రికి ఎత్తుకెళ్లండి. స్టెరాయిడ్ వాడే మనిషి, శుక్రవారం నుంచి ఆగిపోయింది అని ముందు ఆ మాట చెప్పు. నేనూ వాళ్లకి ఫోన్ చేసి వచ్చేస్తున్నాను."

నూకాలు తమ్ముడు సింహాచలం ఆటో తోలతాడు. బయటే ఉన్నాడు. అతను లోపలికి రాబోతే నూకాలు అత్త అప్పయ్యమ్మ గుమ్మానికి అడ్డం కూర్చుంది. పోయినవాడు ఆమె కొడుకు. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"పెద్దదినం అవకుండా దాన్ని గడప దాటిస్తారేటి? ఊరు ఉమ్మేస్తాది. నా కొడుకు ఆత్మ ఏటైపోవాల?"

"ఊరొచ్చి ఉమ్మితే నా మొకం మీద ఉమ్మమను," అన్నాను. "సూడత్తా, మీరు మూల కూకోబెట్టింది దుఃఖాన్ని కాదు, రోగాన్ని. ఇది ఏడుపు నీరసం కాదు. నీ కొడుకు ఒక్క రోజూ తప్పకుండా దీని నోట్లో మాత్రేసినాడు. ఆ మాత్ర ఆగిపోయి సచ్చిపోతంది ఇది. ఆడు బతికుంటే నీలాగ గుమ్మంలో కూకుంటాడేటి?"

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. నోరు తెరిచి నా వంక చూసింది. తర్వాత చెయ్యి నేలకి ఆన్చి, లేవలేక లేవలేక లేచి, కోడలి దగ్గరికి వెళ్లి, "లెగవే, ఎల్దాం," అంది. "పాపం నాను మోత్తాను. లెగు."

సింహాచలం అక్కని రెండు చేతుల మీదా ఎత్తి ఆటోలో పెట్టాడు. తల నా ఒళ్లో, కాళ్లు అప్పయ్యమ్మ ఒళ్లో. లక్ష్మి ముందు సీట్లో మేనమామ పక్కన కూర్చుంది. దారిలో నూకాలు కళ్లు తెరిచింది.

"అప్పా, సేతులు పట్టేసినాయి."

"తెరుచుకుంటాయిలే. సూది వేస్తారు."

"ఎన్నైనాది?"

"పదకొండవుతోంది."

"మావ లెగలేదు కదప్పా," అంది. "నన్నెవులు లేపుతారు?"

ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విప్పి నా చేతిలో పెట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు.

క్యాజువాలిటీ వాళ్లు చేయాల్సింది చేశారు. ఆ మాట నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి కథల్లో చివరికి ఎవరో ఒకరిని తిట్టుకుంటే మనసు తేలికవుతుంది. డ్యూటీ డాక్టరు చిన్న కుర్రాడు. నేను చెప్పిన మొదటి మాటకే ఇంజెక్షన్ తెప్పించి నరంలోకి ఎక్కించాడు. రెండు చేతులకీ సెలైన్లు పెట్టారు. డాక్టరమ్మ వచ్చారు. బీపీ అందలేదు. గుండె ఆగింది, నొక్కారు, ఒకసారి తిరిగొచ్చింది, మళ్లీ ఆగింది. పన్నెండున్నర దాటాక డాక్టరమ్మ చేతులు దించేశారు. అప్పయ్యమ్మ కోడలి పాదాలు వదల్లేదు. "నిన్ననే తేవలసింది," అని ఒక్కసారి అంది, ఎవరితోనూ కాదు.

చావింట్లో ఎవరూ సరిగా తినరు, ఎవరూ నిద్రపోరు, అందరికీ కళ్లు తిరుగుతాయి. అందులో ఒకరిది దుఃఖం కాదు, రోగం అని ఎవరు వేరు చేస్తారు? అదే భయం నాది. అందుకని ఇప్పుడు క్లినిక్‌లో మేం చెప్పే తీరు మారింది. స్టెరాయిడ్ రాసిన మనిషితో పాటు ఇంట్లో ఇంకో ఇద్దరినైనా రమ్మంటున్నాం. మందు ఇచ్చే మనిషికి ఏమైనా అయితే ఎవరిస్తారని మొహం మీదే అడుగుతాను. కొందరు అపశకునం అంటారు. అననీ. తిన్నాక వేసుకో అని ఊరుకోను. తినలేకపోతే గుక్కెడు గంజితోనో పాలతోనో వేసుకో, చావైనా పెళ్లైనా ఉపవాసమైనా మాత్ర మాత్రం మానకు, వాంతై మాత్ర నిలవకపోతే ఆచారాలు చూసుకోక ఆసుపత్రికి పరుగెత్తు, ఇది వాడే మనిషినని అందరికంటే ముందు చెప్పు అంటాను. ఏ వేళకి వెయ్యాలన్నది డాక్టరు చెప్పాలి. నూకాలుకి రెండింటికి కుదిరిందని ఇది చదివినవాళ్లెవరూ సొంతంగా వేళ మార్చుకోకండి.

మాత్రకి వేళ ఉంటుంది. ఆ వేళకి ఒక మనిషి కూడా ఉండాలి. చదువు లేని రోజుల్లో నాకిది తెలీదు, వచ్చాకా తెలీదు. నూకాలు పోయాకే తెలిసింది.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లు: డాక్టరమ్మ శారద గారు, నేను పేరు అడగని ఆ కుర్ర డాక్టరు, సెలైన్లు పెట్టిన ఇద్దరు సిస్టర్లు, కూతురు లక్ష్మి, తమ్ముడు సింహాచలం, అత్త అప్పయ్యమ్మ, ఆయా పైడమ్మ. మంచం మీద నూకాలు.