లేజరుకు ముందు పీక్కున్న గడ్డం

పదిహేనో ఏట నాకు గడ్డం మొలిచింది. ఇంకో మాట వెతికి చెప్పొచ్చు గానీ వెతకను. చుబుకం కింద నల్లగా, బిరుసుగా మొలిచేదాన్ని గడ్డమనే అంటారు. ఆళ్లగడ్డలో మా వీధి ఆడవాళ్లకు అదొక వింత. సున్నిపిండి, పసుపు, శనగపిండి, ఎవరికి తోచింది వాళ్లు చెప్పిపోయేవాళ్లు. అమ్మ అవన్నీ నా ముఖాన పూసి, చర్మం కమిలేదాకా రుద్దేది. వెంట్రుకలు మాత్రం ఎక్కడివక్కడే ఉండేవి. చివరికి ముల్లు తీసే చిమటా పట్టుకుంది. వారానికి రెండుసార్లు పెరట్లో నన్ను ఎండకు తిప్పి కూర్చోబెట్టి ఒక్కొక్కటే పీకేది. పీకినచోట చీముపొక్కులు లేచేవి.

తొంభైలన్నీ అట్లాగే గడిచాయి. బి.ఇడి. చేసి, ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. బోర్డు వైపు తిరిగి ఉన్నంతసేపూ నిమ్మళంగా ఉండేది. పిల్లల వైపు తిరిగితే చెయ్యి దానంతటదే పమిట కొంగును చుబుకం మీదికి లాగేది. కొంగు వదిలేసి, రెండు చేతులూ ఆడిస్తూ ఒక్క పీరియడ్ పాఠం చెప్పాలి. నా కోరికల్లా అదొక్కటే.

రెండువేలు దాటిన నాలుగైదేళ్లకు నంద్యాలలో లేజరు క్లినిక్ ఒకటి తెరిచారు. శాశ్వతంగా పోతాయని బోర్డు మీద పెద్దక్షరాలతో రాశారు. అమ్మ కూడా ఒప్పుకుంది. కానీ బయలుదేరే పొద్దున మళ్లీ చిమటా తెచ్చింది. చుట్టాలింటికి పోయేముందు తల దువ్వుకుంటాం కదా, ఇదీ అట్లాంటిదేనని ఆమె లెక్క.

"మొగ డాక్టరు ముందర గడ్డంతో కూచుంటావా? నున్నగా ఉండల్ల," అంది.

నాకూ అదే సబబనిపించింది. ఒక్కటి మిగలకుండా పీకించుకుని, మే నెల ఎండలో బస్సు కిటికీ పక్కన కూర్చుని నంద్యాల పోయాను.

ఆ డాక్టరు నన్నేమీ అడగలేదు. నా చుబుకం వైపు ఒకసారి చూసి, ఆరుసార్లు రావాలని చెప్పి, బల్ల మీద పడుకోమన్నాడు. నా ముఖాన పూసిన జెల్ తుడిచే గుడ్డకు నాకంటే ముందు పడుకున్నామె వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. అదే గుడ్డతో నన్నూ తుడిచారు. చెంపల మీద మిగిలిన నూగు మాడి, మేక తలకాయ కాల్చినప్పటి కంపు లేచింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఐదుసార్లు పోయాను, ఐదుసార్లూ పీక్కునే పోయాను. ఎడమ చెంప కాలి రూపాయి బిళ్లంత నల్లమచ్చ పడింది. గడ్డం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆరోసారి నంద్యాల పోకుండా కర్నూలులో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె మచ్చ చూసి, వెంట్రుకలు ఎప్పుడు పీకినావని అడిగింది. ఈ పొద్దునే అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

లేజరు పట్టుకునేది వేరులోని నలుపునట. పీకితే ఆ వేరు కూడా ఊడొస్తుంది, ఇక లేజరు దేన్ని కాలుస్తుందని అడిగింది. నాలుగు నుంచి ఆరు వారాలు పీకగూడదు, దారంతో తీయించుకోగూడదు, మైనం పెట్టగూడదు. మరీ కావాలంటే రేజరుతో గీసుకోవచ్చు, దానివల్ల ఒత్తుగా ఏమీ పెరగవు. ఎండలో మాడి రాగూడదు. మన రంగుకు తగిన యంత్రం ఉండాలి, ముందు చిన్నచోట పెట్టి నాలుగు రోజులు చూడాలి. ఏం చేసినా పూర్తిగా పోతాయని ఆశపెట్టుకోవద్దు, పలచబడతాయి అంది. ఆ తర్వాత నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగి, రక్తపరీక్షలు రాసింది. అన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు లేరు.

ఇంటికొచ్చి రేజరు సంగతి చెబితే అమ్మ మొహం తిప్పుకుంది. "ఆడదాని మొగానికి ఎవరన్నా బ్లేడు పెడతారా? రోత," అంది. నేనే కొత్త రేజరు కొనుక్కొచ్చి, రోజూ పొద్దున్నే బాత్రూం గడియ వేసుకుని గీసుకున్నాను. మధ్యాహ్నానికి చుబుకం గరగరలాడేది. నా ముఖాన్ని నేనే ముట్టుకోలేకపోయేదాన్ని.

రక్తపరీక్షల్లో హార్మోన్ల తేడా బయటపడి, డాక్టరమ్మ మందులు రాసింది. ఆ మందులూ, ఆమె దగ్గర చేయించుకున్న లేజరూ కలిసి ఏడాదిన్నరకు గడ్డం పలచబడింది. ఒకరోజు తొమ్మిదో తరగతిలో పాఠం ముగిశాక చూసుకుంటే, కొంగు భుజం మీదే ఉంది. పీరియడంతా రెండు చేతులూ ఊపుతూ చెప్పాను. స్టాఫ్‌రూముకు పోయి ఒంటరిగా నవ్వుకున్నాను.

కొన్నాళ్లకు అదే తరగతి పిల్ల ఒకతి బెల్లయ్యాక నా దగ్గరికొచ్చింది. చున్నీ కిందనుంచి చుబుకం కనబడుతోంది. ఆ పొద్దునే పీకినట్లున్నారు, ఎర్రగా పొక్కులు లేచి ఉన్నాయి.

"మేడం, మీరు యాడ చూపించుకున్నారు?" అని మెల్లగా అడిగింది.

వరండాలో ఇద్దరు టీచర్లు నిలబడి ఉన్నారు. "ఏంది చూపించుకునేది? నాకట్లాంటివేం లేవు. క్లాసుకు పో," అన్నాను.

ఆ పిల్ల చున్నీ పైకి లాక్కుని వెళ్లిపోయింది. ఇంక పీకొద్దమ్మా అని ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇన్నేళ్లయినా అది గుర్తొస్తే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.