కింద కదలని సా

చంద్రాపూర్‌కి కోడలిగా వచ్చినప్పుడు నా వెంట గిటార్ కూడా వచ్చింది. మా ప్రార్థన మందిరంలో అప్పటిదాకా పాటలన్నీ అత్తమ్మ హార్మోనియం మీదే నడిచేవి. గిటార్ రుచి మరిగాక కుర్రకారుకి ఆ పెట్టె పాతబడింది. ఈస్టర్ దాటగానే దాన్ని బీరువాలో పెట్టేద్దామని పాటల పెద్ద తేల్చేశాడు. అత్తమ్మ సరేనంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నా వాయిద్యం ఆమెను లేపి ఆ చోట కూర్చోవడం నాకిష్టం లేదు.

అప్పుడు నేను ఫోన్‌లో చూసి ఒక కొత్త కార్డ్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపు, నేర్చుకుంటున్నాను. పైన బి డిమినిష్డ్ సెవెన్త్, గీత గీసి కింద సి. డిమినిష్డ్‌లో స్వరాలన్నీ సమాన దూరంలో ఉంటాయి, ఏదీ సొంతిల్లులా అనిపించదు. చెవి కుదురుగా ఉండదు, ఎటో పోదామంటుంది. గీత కింది అక్షరం మంద్రంలో మోగాల్సిన స్వరం. పైన ఎంత అలజడి ఉన్నా అది నిలబడాలి.

వేళ్లు సాగదీసి ఎలాగో పట్టేదాన్ని, కానీ కింది తీగ మూగబోయేది. సాధనలో ఆమెన్‌కి ముందు అదే వాయించాను. బ్రేకులు అరిగిన గడ్‌చాందూర్ బస్సులా కీచుమంది.

"ఏందమ్మా గది? సక్కగ సి కొట్టు" అన్నాడు పాటల పెద్ద.

తప్పు కార్డ్‌ది కాదని నాకు తెలుసు. తిత్తి మూసుకుని కూర్చున్న అత్తమ్మ వైపు తిరిగాను.

"అత్తమ్మా, పాంఢరీ ఏక్ పట్టుకో." హార్మోనియం మీద సా పలికే తెల్ల మెట్టుకి మా దగ్గర అదే పేరు. నా సి, ఆమె సా ఒకటే.

"గంతేనా?"

"గంతే. పైన నేనెంత లొల్లి చేసినా నువ్వు కదలద్దు."

ఆమె తిత్తి తెరిచింది. కింది స్వరం ఆమె చూసుకుంటోంది కాబట్టి నా వేళ్లు తేలికపడ్డాయి. అవే స్వరాలు, అదే అలజడి, కానీ ఈసారి వెగటు లేదు. ఎవరో గడపలో నిలబడి లోపలికి రాబోతున్నట్టుంది. అక్కణ్ణుంచి సి కార్డ్‌కి దిగగానే గొంతులన్నీ ఒక్కసారిగా కుదురుకున్నాయి. సంతోషంతో నా కళ్లు చెమర్చాయి.

పాటల పెద్ద మళ్లీ వాయించమన్నాడు. విన్నాక గొంతు సవరించుకుని అత్తమ్మతో, "పెట్టె ఈడనే ఉండనియ్యి వదినె, మైకు దగ్గరికి జరుపుదం" అన్నాడు.

అత్తమ్మ కొంగుతో మెట్లు తుడుస్తూ, "కదలకుండ ఉండుడు నాకేం కష్టం గాదు. గీ పిల్ల వచ్చిన కాడికెల్లి ఇంట్ల నేను చేస్తున్నది గదే" అంది.