తమ్ముడి వంతు

నీలవేణిది తండ్రి అప్పలసూరి గొంతు. భావనపాడు ఒడ్డున వల లాగేటప్పుడు ఆయన పాట ఎత్తుకుంటే, ఇసుకలో ఆడుకుంటున్న నీలవేణీ, తమ్ముడు దేవేంద్రా దానికి బదులుగా తమ వంతు పాడేవారు. పెద్దయ్యాక ఆ పాటలే వాళ్లకు పేరు తెచ్చాయి. అమ్మవారి సంబరాలకూ పెళ్లిళ్లకూ అటు కొత్తవలస దాకా పిలిచేవారు. అక్క ముందు పాడేది, తమ్ముడు డప్పు కొడుతూ తన వంతు అందుకునేవాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిన పనే ఉండేది కాదు.

కానీ సంబరాలు వేసవిలోనే. మిగతా రోజులకు చేపల వేటే దిక్కు. ఇక్కడ చేప తగ్గిపోవడంతో 2014లో దేవేంద్ర ఊరి కుర్రాళ్లతో కలిసి గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లాడు.

చలికాలంలో ఒక పొద్దున అక్కణ్నుంచి ఫోన్ వచ్చింది. వేరే బోటులో పనిచేసే గంగులు. దేవేంద్ర అక్కని పిలిచినట్టే అతనూ నీలవేణిని అప్పా అనే పిలుస్తాడు.

"అప్పా, దేవేంద్రోళ్ల బోటు రాలేదు. సరిహద్దు గీత దాటి పాకిస్తాన్ నీళ్లలోకి పోనాదట. పట్టుకుపోనారంతన్నారు."

"ఆడికేటైనాది? బతికున్నాడా?"

"తెలీదప్పా."

చేపల తట్ట నెత్తికెత్తుకోబోతున్న తల్లి తాతమ్మ, కూతురి మొహం చూసి తట్ట దించేసింది.

ఆ తర్వాత ఇంట్లో భయమే కాపురం చేసింది. టీవీ పెట్టాలంటే భయం, కట్టేస్తే భయం. ఫోన్ మోగితే నీలవేణి ముందు దాని మీద అరచెయ్యి మూసి, ఊపిరి తీసుకుని, అప్పుడు చూసేది. శ్రీకాకుళంలో అధికారులు, పాకిస్తాన్‌కు పట్టుబడ్డవాళ్ల పేర్లు చదివినప్పుడు దేవేంద్ర పేరు వినబడలేదు. రాసుకోవడంలో తప్పు పడి ఉంటుందన్నారు. ఆ మాటే పట్టుకుని ఆమె తిరిగొచ్చింది.

వేసవిలో గంగమ్మ సంబరం వచ్చింది. ఊరిపెద్ద దాలయ్య ఇంటికొచ్చాడు. "అమ్మోరి ముందు మీ పాట లేకుండా ఎలాగమ్మీ?"

"నేనొక్కదాన్నే పాడితే ఆడు లేడని ఒప్పుకున్నట్టే గదా మావా! నా వల్ల కాదు."

లోపల్నుంచి తాతమ్మ అరిచింది. "ఒసే, నువ్వు నోరు కట్టుకుని కూకుంటే ఆడొచ్చేస్తాడేటే? ఆడి కోసమే పాడు!"

సంబరం రోజు నీలవేణి పందిట్లో మైకు పట్టుకుంది. "ఏ దరికెల్లావురా తమ్ముడో" అని ఎత్తుకుంది. తమ్ముడి వంతు వచ్చింది. దేవేంద్ర బదులు డప్పు కొడుతున్నవాడు ఆ మాట పాడే ధైర్యం లేక చెయ్యి ఆపేశాడు. నీలవేణి మైకు వదిలి దిగిపోబోయింది.

అప్పుడు ఆడవాళ్లలోంచి ఒక గొంతు లేచింది. "నీ దరికే వస్తన్నానప్పా." దేవేంద్ర బోటులోనే మొగుడు పట్టుబడ్డ హేమది ఆ గొంతు. పక్కనే ఇంకొకామె అందుకుంది. మొగుళ్లనీ కొడుకుల్నీ గుజరాత్ పంపిన వాళ్లందరూ అందుకున్నారు. అది పాటో ఏడుపో తెలియలేదు. నీలవేణికి ధైర్యం రాలేదు సరికదా, ఇంతమంది గుండెల్లో ఇదే భయం ఉందా అని మరింత బెదిరింది. అయినా దిగలేదు. చివరిదాకా పాడింది.

వానలు పడుతుండగా, పట్టుకుపోయినవాళ్లను పాకిస్తాన్ జైలు నుంచి వదిలారని కబురొచ్చింది. ఆ సాయంత్రం ఫోన్లో ఎవరో "అప్పా" అన్నారు. బొంగురు గొంతు. ఆమె పోల్చుకోలేకపోయింది. తనను ఊరడించడానికి ఇంకెవరితోనో మాట్లాడిస్తున్నారేమోననుకుంది.

"నువ్వెవుడివి? దేవేంద్రవైతే, సిన్నప్పుడు నీ కాలికేటి గుచ్చుకుందో సెప్పు."

"టేకు సేప తోక ముల్లు. నువ్వే గదప్పా నన్ను సంకనేసుకుని పరిగెట్టినావు."

నీలవేణి ఫోన్ తీసుకెళ్లి తల్లి చెవికి ఆనించింది.

పలాస స్టేషన్లో రైలు దిగినవాడు సగం మనిషి. ఇంట్లో తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడి గోడకానుకుని నిలబడేవాడు. డప్పు ముట్టడానికే నెలలు పట్టింది. మళ్లీ పందిళ్లెక్కినా, మొహం మీద లైటు వెయ్యొద్దని ముందే చెప్పేవాడు.

ఇప్పుడతను భావనపాడులోనే వేటకెళ్తాడు. ఒకనాడు బోటు ఆలస్యమైంది. ఒడ్డు చేరేసరికి అక్క మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉంది.

"ఎందుకప్పా అంత భయం? నేను పోయొచ్చినోణ్ని గదా!"

"పోయినోడివి నువ్వు. ఇక్కడున్నది నేను. నీకేటి తెలుస్తాదిరా?"

అతను వల భుజానేసుకుని ఆమె వెనకే ఇంటికి నడిచాడు.