తోడుగా వెళ్ళి చదివిన ఎం.ఏ.

ఖమ్మంలో మేముంటున్న వీధిలోనే, మాకు రెండిళ్ళ అవతల ఉండే అమ్మాయికి ఈ మధ్య ఎం.ఏ. ఎకనామిక్స్‌లో సీటు వచ్చింది. నేనూ ఒకప్పుడు ఆ చదువే చదివానని ఎవరో చెప్పారట, స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చి, ఎదురుగా కూర్చుని, "పెద్దమ్మా, ఆ రోజుల్ల మీరు ఎకనామిక్సే ఎందుకు తీసుకున్నరు?" అని అడిగింది. ఇష్టంతో తీసుకున్నానని ఏదో చెప్పాను. పిల్ల సంతోషంగా వెళ్ళిపోయింది. తను వెళ్ళాక ఆ డబ్బా తీసి అలమరలో పెట్టాను. చెప్పింది నిజం కాదని తెలుసు, కానీ నిజమేమిటో చెప్పమంటే అదీ చేతకాదు. నా వయసు వాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, ఈ తికమక అర్థమవుతుందనుకుంటాను. మన జీవితంలో మనం కోరి నడిచిన దారేదో, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకుపోయిన దారేదో ఇంత దూరం వచ్చాక విడదీసి చూడబోతే రెండూ కలిసిపోయి కనిపిస్తాయి.

మా పుట్టిల్లు కుసుమంచి దగ్గర. నాయన వ్యవసాయం చేసేవాడు. ఖమ్మంలో తెలుగు మీడియంలో బి.ఏ. చదివాను; చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం కలిపి ఇచ్చిన గ్రూపు కాబట్టి అర్థశాస్త్రం కూడా చదివాను తప్ప దాని మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. పరీక్షలు కాగానే పెళ్ళయింది. అత్తవారిది చండ్రుగొండ దగ్గరి పల్లె. వాళ్ళ పెద్దలు కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కుని స్థిరపడ్డవాళ్ళు. మిరప, పత్తి వేసేవారు. చేను దాటితే అడవే. ఆ ఇంట్లో నా మాట కాస్త వేరుగా వినిపించేది. నేను "ఏంది" అన్నప్పుడల్లా మా ఆడపడుచు నవ్వేది. ఏడాది తిరిగేసరికి నా భాష ఇటూ కాకుండా అటూ కాకుండా తయారైంది, ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ ఆడపడుచు వల్లనే ఈ కథంతా. నాకంటే కాస్త చిన్నది, ఒక్కతే కూతురు. నా పెళ్ళైన ఆ వేసవిలోనే తన డిగ్రీ అయిపోయింది. ఆమె స్నేహితురాలొకతె ఖమ్మం పీజీ కాలేజీలో ఎకనామిక్స్ చేరుతోందని, ఆ చదువుంటే బ్యాంకు ఉద్యోగం వస్తుందని విని, తనూ చేరతానని పట్టుబట్టింది. మామయ్యకు చదువంటే వ్యతిరేకత లేదు, బస్సంటేనే భయం. మా ఊరి నుంచి జూలూరుపాడు మీదుగా ఖమ్మం చేరడానికి దాదాపు రెండు గంటలు పట్టేది. అప్పట్లో సగం దారి చెట్ల మధ్యనే, తిరిగి వచ్చేసరికి చీకటి పడేది. అమ్మాయి అన్నం మానేసి కూర్చున్నాక, మామయ్య ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, "వదిన తోడుంటే వెళ్ళమనండి" అన్నాడు. ఆడపడుచు ఎగిరి గంతేసింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వదిన బయట కూర్చుని ఏం చేస్తుంది, తననూ ఎంట్రన్సు రాయమందామని అన్నది కూడా తనే. నన్నెవరూ అడగలేదు. ఇది ఫిర్యాదు కాదు. వంటింటి గడప దగ్గర నిలబడి అంతా వింటూనే ఉన్నాను. నాకు కలిగింది సంతోషమో భయమో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.

ఇద్దరం రాశాం, ఇద్దరికీ సీట్లు వచ్చాయి. ఫలితాలు చూసి వచ్చిన మా ఆయన, నా ర్యాంకు చెల్లెలి ర్యాంకు కంటే ముందుందన్న సంగతి నాకొక్కదానికే, అదీ మెల్లగా చెప్పాడు.

చేరిన మొదటి వారంలోనే నాకు దిక్కు తోచలేదు. పాఠమంతా ఇంగ్లీషులో. మాకు ముఖ్యమైన పేపరు చెప్పే సారు దూరప్రాంతం నుంచి వచ్చినవాడు, మంచివాడే, కానీ బోర్డు వైపు తిరిగి గీతలు గీస్తూ, గీతలతోనే మాట్లాడుతున్నట్టు చెప్పేవాడు. ప్రతి పాఠమూ "అనుకుందాం" అనే మాటతోనే మొదలయ్యేది. ప్రపంచంలో రెండే సరుకులున్నాయని అనుకుందాం, మనిషి దగ్గర ఇంతే ఆదాయం ఉందని అనుకుందాం, మిగతావేవీ మారవని అనుకుందాం. నేను అక్కడే ఆగిపోయేదాన్ని. రెండే ఎందుకు? బియ్యం, గుడ్డ మాత్రమే ఉంటే మరి ఉప్పు సంగతేమిటి? ఇంటికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ రెండు సరుకుల లోకాన్ని ఊహించుకోవడానికి ప్రయత్నించేదాన్ని. ఇంతలో అడవి ఊళ్ళ ఆడవాళ్ళు ఎండిన ఇప్పపువ్వు గంపలతో ఎక్కేవారు, బస్సంతా ఆ తీయటి మత్తు వాసన నిండేది, నా ఊహ చెదిరిపోయేది. మా ఆడపడుచు అప్పటికే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయేది.

మా క్లాసులో టేకులపల్లి వైపు అడవి ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి ఒకతె నా పక్కన కూర్చునేది. వాళ్ళింట్లో కోయ భాష మాట్లాడతారు. తెలుగు తనకు బడిలో వచ్చింది, ఇంగ్లీషు ఇంకా వస్తూ ఉంది. ఆమె ఆపకుండా రాస్తుంటే అంతా అర్థమవుతోందనుకుని, ఒకరోజు నాకూ కాస్త చెప్పమన్నాను. ఆమె కలం ఆపి, "నాకు గూడ సమజ్ గాలే అక్కా. సారు చెప్తుండు, నేను రాస్తున్న. తర్వాత తీసి చూస్తే వేరేటోళ్ళు రాసినట్టుంటది" అంది. ఇద్దరం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం. ఆ రోజు నుంచి కలిసి కూర్చుని చదవడం మొదలుపెట్టాం. ఇద్దరికీ రాని విషయాన్ని ఒకరికొకరు చెప్పుకోబోతే, ఎలాగో కొంచెం కొంచెంగా వచ్చేది.

మొదటి ఏడాది పరీక్షల్లో నేను అన్నీ పాసయ్యాను. మా ఆడపడుచు రెండు పేపర్లు తప్పింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరి ముఖం ఎలా పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. నేను పాసైనందుకు సంతోషిస్తే అమ్మాయికి బాధ, అమ్మాయి తప్పినందుకు బాధపడితే కోడలికి చిన్నతనం. అత్తయ్య ఇద్దరికీ ఒకే పళ్ళెంలో ఉప్మా పెట్టి ఇచ్చింది. తింటూ ఉండగా ఆడపడుచు నా చెవి దగ్గర, "నాకసలు ఇష్టం లేదు వదినా. చేరిన పది రోజులకే తెలిసింది. నాన్నకి నువ్వే చెప్పు" అంది. మరి చేరేటప్పుడు అంత పట్టుదల ఎందుకని అడిగితే, అదే తనకూ తెలియడం లేదంది. చండ్రుగొండ సెంటర్లో బట్టల కొట్టు పెట్టుకోవాలని ఉందట. నిజంగానే పెట్టింది. ఇప్పటికీ నడుపుతోంది.

చెప్తే మామయ్య కోప్పడతాడనుకున్నాను, విన్నాక ఆయన ఊపిరి పీల్చుకున్నట్టే కనిపించాడు. కానీ నా సంగతి? అమ్మాయే మానేసినప్పుడు తోడుతో ఏం పనన్నది ఆయన ఆలోచన. అందులో తప్పేమీ లేదు, నేను వెళ్ళిందే అందుకు. వద్దని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. మా ఆయనను అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. నా ఇష్టమేమిటో అంతవరకు నన్నెవరూ అడిగి ఉండలేదు, అడిగాక వెతికితే దొరకడం లేదు. నాలుగు రోజులుండి వద్దామని కుసుమంచి వెళ్ళాను. మా అమ్మ తల దువ్వుతూ, "నువ్వు దానికి తోడువోయినవ్. అది మానేసింది. ఇంక నీకేంది బిడ్డా, పిల్లల్ని కనే సంగతి చూస్కో" అంది. అదీ సబబుగానే తోచింది. ఎవరు ఏం చెప్పినా సబబుగానే తోచేది, అదే నా కష్టం.

తిరిగి వచ్చేసరికి కాలేజీ తెరిచి కొన్నాళ్ళైంది. పొద్దున్నే అలవాటుగా మెలకువ వచ్చేది, బస్సు హారన్ వినిపించేది, చేతిలో పని పట్టుకుని నిలబడిపోయేదాన్ని. ఒక ఉదయం అలాగే పొయ్యి ముందు ఉన్నాను. అత్తయ్య ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పద, బస్సు వెళ్ళిపోద్ది."

"ఎక్కడికి అత్తయ్యా?"

"నీ కాలేజీకి. ఒక్కదాన్నే పంపరంటగా. నేనొస్తా."

నా చేతిలోని అట్లకాడ మా ఆడపడుచు అందుకుంది. పుస్తకాల సంచి కూడా ఎక్కడుందో వెతికి తనే తెచ్చి ఇచ్చింది. మామయ్య అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు, అత్తయ్య ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాడు. బస్సులో కండక్టరు వచ్చి ఎక్కడ దిగుతారని అడిగితే, అత్తయ్య నా వైపు చూపించి, "ఈ పిల్ల ఎక్కడ దిగితే అక్కడ" అంది.

అప్పటి నుంచి కొన్ని నెలల పాటు మా అత్తయ్య నాతో కాలేజీకి వచ్చింది. వరండాలో అటెండరు వేసిన స్టూలు మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన చింతపండు గింజ తీస్తూనో, ఊరికే వచ్చేపోయే వాళ్ళను చూస్తూనో గడిపేది. మధ్యాహ్నం నన్నూ, టేకులపల్లి అమ్మాయినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం పెట్టేది. సాయంత్రం బస్సులో మాత్రం "ఇవాళ ఏం చెప్పారు?" అని అడగకుండా వదిలేది కాదు. ఆమె చదివింది నాలుగో తరగతి. ఏం చెప్పాలో తెలియక, వచ్చిన మాటల్లో చెప్పేదాన్ని. చెప్తుండగా నాకు ఎక్కడ అర్థం కాలేదో నాకే తెలిసేది. ఆమెకూ సగం అర్థమయ్యేది కాదు. ఫర్వాలేదు చెప్పు అనేది.

ఒకరోజు అవకాశ వ్యయం గురించి చెప్పాను. ఒకటి ఎంచుకుంటే దాని కోసం వదులుకున్న మరొకటే దాని అసలు ఖరీదు అని నాకు తెలిసినంతలో చెప్పాను. అత్తయ్య కిటికీలోంచి మోదుగ చెట్లను చూస్తూ వింది. తర్వాత, "అయితే ఎంచుకున్నోళ్ళకే ఆ ఖరీదన్నమాట. నేనెప్పుడూ ఏదీ ఎంచుకోలేదు గదే. మరి నాకేం పోయినట్టు?" అంది. అందులో బాధ లేదు, వెక్కిరింత లేదు, తెలుసుకుందామనే అడిగింది.  మర్నాడు మా అత్తయ్య ప్రశ్న అని చెప్పి సారును అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, బయట వరండా వైపు ఒకసారి చూసి, "నాకూ తెలియదమ్మా. ఆలోచిస్తానని చెప్పు. పరీక్షలో మాత్రం ఇది రాయకు" అన్నాడు. ఆ మాట చెప్తే అత్తయ్య, సారుకు కూడా తెలియకపోవడం బాగున్నట్టు తల ఊపింది.

అసలు ఆమె నాతో ఎందుకు వచ్చిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. నా మీద ప్రేమతోనా, కూతురు మానేసిన చదువు ఇంట్లో ఎవరో ఒకరు పూర్తి చేయాలన్న పట్టుదలతోనా, లేక పొద్దున్నే ఇల్లూ పొయ్యీ వదిలి బస్సెక్కడం ఆమెకే బాగుండిందా? ఖమ్మం బస్టాండులో దిగగానే ఆమె నడక మారేది, అది నేను గమనించాను. అడిగితే, "నీకు తోడుకే" అనేది, అంతకు మించి చెప్పేది కాదు.

ఆ చలికాలంలో ఆమెకు జ్వరం తగిలింది. ఆ రోజు నాకు సెమినారు ఉంది. నేను ఆమె మంచం దగ్గర కూర్చుని ఉండగా బస్సు హారన్ వినిపించింది. ఏం ఆలోచించానో తెలియదు, సంచి అందుకుని వెళ్ళి ఎక్కేశాను. సాయంత్రం భయపడుతూ దిగాను. మామయ్య రోడ్డు మీదే ఉన్నాడు. బస్సు ఆలస్యమైందా అని మాత్రం అడిగి, ముందు నడిచాడు. లోపలికి వెళితే అత్తయ్య దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. "ఒక్కదానివే వెళ్ళొచ్చావంటగా" అంది. అవునన్నాను. "మంచిదే" అని అటు తిరిగి పడుకుంది. జ్వరం తగ్గాక మళ్ళీ వస్తుందనుకున్నాను. రాలేదు. రమ్మని నేను రెండు మూడు సార్లు అడిగాను, మోకాళ్ళ నొప్పులన్నది, ఇంటి పనులన్నది. ఆమె నన్ను చూసి సంతోషించిందో, నాకు ఇంక తనతో పని లేకుండా పోయిందని నొచ్చుకుందో తెలుసుకోలేకపోయాను. ఒకటి కాదు, రెండూ అయి ఉండవచ్చని ఈ వయసులో అనిపిస్తోంది.

సెకండ్ క్లాసులో పాసయ్యాను. పిల్లలు కాస్త పెద్దయ్యాక కొత్తగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పాను. టేకులపల్లి అమ్మాయి ఉద్యోగం వచ్చి వరంగల్ వైపు వెళ్ళింది, కొంతకాలం కబుర్లు తెలిసేవి, తర్వాత తెలియలేదు. మామయ్య పోయారు, ఆ తర్వాత అత్తయ్య కూడా. చివరి రోజుల్లో దవాఖానాలో ఆమె పక్కన కూర్చున్నప్పుడు, ఆ కాలేజీ రోజులు గుర్తున్నాయా అని అడిగాను. వరండాలో గాలి బాగా వచ్చేదంది.

ఇప్పుడా దారి వెడల్పయింది, చెట్లు రోడ్డుకు దూరం జరిగాయి. మా చుట్టాల ఆడపిల్లలు హైదరాబాదులో హాస్టళ్ళలో ఉండి, ఏది చదవాలో తామే అనుకుని చదువుతున్నారు; బస్సెక్కేటప్పుడొక మెసేజి, దిగాక ఒక మెసేజి. నేనూ కళ్ళ పరీక్షకో, పెళ్ళికో ఒంటరిగా తిరుగుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోరు. ఇది మంచిది కాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కానీ ఆ రోజుల్లో నన్ను ఆపినవాళ్ళూ, నాతో బస్సెక్కినవాళ్ళూ ఒక ఇంటివాళ్ళే. ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు, పక్క సీట్లో కూర్చునేవాళ్ళూ లేరు. ఒకదానితో పాటు రెండోది కూడా ఎప్పుడు వెళ్ళిపోయిందో, అప్పుడు నేను ఎటు చూస్తున్నానో నాకు తెలియదు.